హంపీ వెళ్తున్నారా? రూమ్ కంటే ముందు గైడ్‌ని మాట్లాడుకోండి

ఈ రివ్యూ హంపీలో మేం తీసుకున్న గైడ్ సర్వీసు గురించి. రూమ్, భోజనం సంగతి కూడా రాస్తాను గానీ అవి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. గైడ్ సరిగ్గా దొరక్కపోతే మాత్రం రెండు రోజులు ఎండలో బండల మధ్య తిరిగి, రాతి రథం ముందు ఫొటో దిగి వచ్చేయడమే. అలా వెళ్లొచ్చినవాళ్లు "ఏముందండీ అక్కడ, అన్నీ పడిపోయిన గోడలే" అంటుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. 1565 వరకు కృష్ణానదికి దక్షిణాన ఉన్న దేశాన్ని ఏలిన విజయనగర రాజధాని అది. మన పెద్దన పద్యాలు చదివిన ఊరు. దాన్ని చూసే పద్ధతిలో చూడాలి.

నేను కర్నూలులో జలవనరుల శాఖలో ఇంజనీరుని. సొంతూరు నెల్లూరు జిల్లాలో, ఉదయగిరి పక్కన పల్లె. నాతో వచ్చిన ముగ్గురూ నెల్లూరులో ఇంటర్ కలిసి చదువుకున్నవాళ్లే. ఒకామెది వెంకటగిరి నేత కుటుంబం, హైదరాబాదులో చీరల వ్యాపారం చేస్తుంది. ఒకామె ప్రభుత్వ బడిలో తెలుగు టీచరు. ఇంకొకామె నర్సు, మోకాలికి ఆపరేషన్ అయింది, నడవగలదు గానీ మెట్లంటే భయం. నవంబర్‌లో ఒక శుక్రవారం ఆఫీసు అయ్యాక కర్నూలు నుంచి కారులో కోడుమూరు, ఆలూరు, బళ్ళారి మీదుగా రాత్రికి హంపీ పక్క పట్టణం హొసపేట చేరాం.

గైడ్ నంబరు మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇచ్చారు. కర్ణాటక పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉన్న మనిషి, యాభై దాటిన వయసు. బళ్ళారి వైపు వాళ్లలో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ తెలుగు బాగా వచ్చు, కన్నడ యాస కలిసిన తెలుగు. నేను ఫోన్ చేయగానే రేటు చెప్పలేదు. "ఎంతమంది మేడమ్? ఎవరెవరు ఏం పని చేస్తారు? మెట్లెక్కలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. మా పనులు, నర్సు మోకాలి సంగతి చెప్పాను. మర్నాడు ఆయనే ఫోన్ చేసి రెండు రోజులకి ఏ పూట ఎక్కడికో వరసగా చెప్పారు. మతంగ కొండ వద్దు, ఆమెకి కష్టం, దాని బదులు హేమకూటం, అక్కడ చదునుబండ మీద మెల్లగా నడిచి ఎక్కొచ్చు అన్నారు. రోజుకి 2500 రూపాయలు మాట్లాడుకున్నాం. నలుగురికి పంచుకుంటే ఎంత? ఒక్కోసారి సినిమాకి, పాప్‌కార్న్‌కి అంత అయిపోతుంది.

శనివారం పొద్దున్నే విరూపాక్ష ఆలయం. తొమ్మిది అంతస్తుల గాలిగోపురం కింద నిలబడి ఆయన చెప్పింది చాలా తక్కువ. నేరుగా రంగమండపంలోకి తీసుకెళ్లి మా చీరల స్నేహితురాలిని తల పైకెత్తి చూడమన్నారు. పైకప్పంతా రంగుల బొమ్మలు. విద్యారణ్య స్వామిని పల్లకిలో ఊరేగిస్తున్న బొమ్మ ఒకటి, అర్జునుడు మత్స్యయంత్రం కొడుతున్నది ఒకటి. "మీరు బట్టలు చూసి చెప్పండి అక్కా, నేను వింటాను" అన్నారు. ఇక ఆమెని ఆపేవాళ్లు లేరు. అంచు వెడల్పు, కుచ్చిళ్లు పట్టిన తీరు, చారలు, గళ్లు, బుటాలు, అన్నీ వేలితో చూపించి చెప్పింది. గైడ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఎన్నో ఏళ్లుగా రోజూ చూసే బొమ్మల గురించి ఒక సందర్శకురాలి మాట రాసుకునే మనిషి మీద నాకు అక్కడే గౌరవం కలిగింది.

ఆ గుడిలోనే గర్భాలయం వెనక వైపు నాలుగు మెట్లెక్కితే చీకటి గది ఉంది. గోడలో సన్నటి సందు. ఆ సందులోంచి వచ్చే వెలుగు ఎదుటి గోడ మీద పడి గాలిగోపురం తలకిందులుగా కనిపిస్తుంది. కెమెరాలో జరిగేదే ఇదీ. మేం వెళ్లినప్పుడు అక్కడ చిన్న గుంపు ఉంది. ఎవరో దేవుడి మహిమ అంటున్నారు, ఎవరో సైన్సు అంటున్నారు. మా గైడ్ ఇద్దరితోనూ వాదించలేదు. గుంపు కదిలాక సందుకి అరచేయి అడ్డం పెట్టి, మెల్లగా తీసి చూపించారు. గోపురం పోయింది, మళ్లీ వచ్చింది. అంతకంటే వివరణ అక్కర్లేదు.

నేను హంపీకి ముఖ్యంగా వెళ్లింది కృష్ణాలయం కోసం. మా పల్లె నుంచి చూస్తే ఉదయగిరి కోట కొండ కనిపిస్తుంది. ఆ కోటని కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో ఒడిశా రాజులైన గజపతుల దగ్గర గెలిచారు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తెచ్చి, దానికోసం ఈ గుడి కట్టించారు. చిన్నప్పుడు మా తాతగారు "మన కిష్టుణ్ణి రాయలు ఎత్తుకుపోయినాడు" అనేవారు. ఇప్పుడు గర్భగుడి ఖాళీ. విగ్రహం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అయినా ఆ ఖాళీ గది ముందు నిలబడితే వేరు. గైడ్‌కి మా ఊరు ఉదయగిరి పక్కనే అని ఫోన్‌లో చెప్పి ఉన్నాను. ఆయన నన్ను గోపురం లోపలి వైపుకి తీసుకెళ్లి, ఎండ పడే చోట నిలబెట్టి పైకి చూపించారు. సున్నపు బొమ్మల్లో డాళ్లు పట్టుకున్న సైనికులు, గుర్రాలు, వరసగా యుద్ధానికి పోతున్నట్టు. "ఉదయగిరి దండయాత్రే చెక్కారంటారు మేడమ్, మీ ఊరిదే" అన్నారు. కాళ్లు విరిగినవి, తలలు లేనివి ఉన్నాయి. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను, ఆయన ఒక్కసారి కూడా టైమ్ చూసుకోలేదు.

పక్కనే లక్ష్మీనరసింహుడు, 1528 నాటి ఏకశిల. ఒళ్లో ఉండాల్సిన లక్ష్మీదేవి విగ్రహం లేదు, స్వామి వీపు మీద ఆమె చేయి మాత్రం మిగిలింది. పక్కకి వెళ్లి చూస్తే తప్ప అది కనపడదు. అదే టైమ్‌కి వచ్చిన బస్సు జనం ఎదురుగా ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. ఆ పక్క గుడిలో బడవిలింగం అనే పెద్ద శివలింగం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది, కాలువ నీళ్లు అందులోకి వస్తాయి.

కాలువ అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నా వృత్తి అదే. హంపీ చుట్టూ కనిపించే అరటి తోటలు, చెరకు, వరి మళ్లు, వీటికి నీళ్లు ఎక్కడివి? తుంగభద్ర మీద విజయనగర రాజులు కట్టించిన ఆనకట్టల నుంచి వచ్చే కాలువలు ఈనాటికీ పారుతున్నాయి. తుర్తు కాలువ గట్టు మీద కారు ఆపమని గైడే అడిగారు. కొండల మధ్య, పెద్ద పెద్ద గుండ్ల పక్కనుంచి వాలు చెడకుండా కాలువని తిప్పి తెచ్చిన తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. ఈ రోజు మాకు లెవెలింగ్ యంత్రాలున్నాయి, శాటిలైట్ మ్యాపులున్నాయి, అయినా కాలువ చివరనున్న (టెయిల్ ఎండ్) రైతుకి నీళ్లు అందడం లేదని ప్రతి సీజన్‌లో ఫోన్లొస్తాయి.

సాయంత్రం రాజప్రాంగణం. మెట్ల పుష్కరిణి అక్కడే ఉంది. 1980ల తవ్వకాల్లో బయటపడింది, నల్లరాతితో కట్టింది. ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. దిగనివ్వరు, గట్టు మీద నుంచే చూడాలి. గైడ్ నన్ను ఒక మూలకి పిలిచి వంగి చూడమన్నారు. దిమ్మెల మీద ఉలితో గీసిన చిన్న అక్షరాలు, గీతలు. ఏ దిక్కుది, ఎన్నో వరస, ఆ వరసలో ఎన్నో రాయి అని గుర్తులు. అంటే రాళ్లని ముందే చెక్కి, గుర్తులేసి, తర్వాత ఇక్కడ ఆ లెక్క ప్రకారం పేర్చారన్నమాట. మేం ప్రాజెక్టు గేట్ల భాగాలకి వర్క్‌షాపులో నంబర్లు వేసి, సైటుకి తెచ్చి బిగిస్తాం, అచ్చం అదే పని. ఆ మేస్త్రీల పేర్లు ఎక్కడా లేవు, వాళ్లు వేసిన నంబర్లు మిగిలాయి. పుష్కరిణి దాకా రాతి కంబాల మీద రాతి తూములు వరసగా వస్తాయి. వాటి అంచుల్ని, అతుకుల్ని ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాను. మా వాళ్లు మహర్నవమి దిబ్బ మీదికెళ్లి, దిగి కూడా వచ్చేశారు.

అదే ప్రాంగణంలో వంద స్తంభాల సభామండపం ఉంది. స్తంభాలు కొయ్యవి కావడంతో ఇప్పుడు అరుగు, వాటి కింద రాళ్లు మాత్రమే ఉన్నాయి. మా తెలుగు టీచరు అడిగింది, "భువనవిజయం ఇదేనా?" అని. పక్కన ఇంకో గైడ్ ఎవరికో ఇదే భువనవిజయం, ఇక్కడ పెద్దన, అక్కడ తిమ్మన కూర్చునేవారు అని చూపిస్తూనే ఉన్నాడు. మా గైడ్ మాత్రం, "చాలామంది అలా చెప్తారు మేడమ్. నేను చెప్పను. ఇది సభామండపం అన్నంతవరకే నాకు తెలుసు" అన్నారు. టీచరు కాస్త నిరుత్సాహపడినా, తర్వాత రూమ్‌కి వచ్చాక ఆమే అంది, ఈ మనిషి చెప్పిన మిగతావన్నీ ఇప్పుడు నమ్మబుద్ధి అవుతోందని. ఆ రెండు రోజులూ ఏది శాసనంలో ఉంది, ఏది డొమింగో పేస్ లాంటి పోర్చుగీసు యాత్రికులు రాశారు, ఏది ఊళ్లో చెప్పుకుంటారు, ఈ మూడింటినీ ఆయన ఎక్కడా కలిపేయలేదు.

ఆదివారం గేటు తెరవగానే విఠలాలయం. పొద్దున వెళ్తే ఎండా ఉండదు, జనమూ ఉండరు. కారు దూరంగా ఆపి బ్యాటరీ బండిలో వెళ్లాలి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఇది పెద్ద ఊరట. టికెట్ మనిషికి 40 రూపాయలు, పారేసుకోకండి. అదే రోజు జెనానా (రాణివాసం) ప్రాంగణానికి, కమలాపురం మ్యూజియానికి అదే చెల్లుతుంది. రాతి రథం దగ్గర అందరూ 50 రూపాయల నోటు తీసి పోల్చుకుంటున్నారు, మేమూ పోల్చుకున్నాం. నిజానికి అది గరుడుడి గుడి. సంగీత స్తంభాలని తట్టడం నిషేధం. సందు చూసుకుని తట్టి వినిపించే గైడ్లు ఉన్నారట. మాలో ఒకామె మెల్లగా అడిగింది కూడా. ఆయన మర్యాదగానే, గట్టిగా కాదన్నారు. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్న పాత ధ్వని వినిపించారు. ఆ రాళ్లు మన మనవళ్ల దాకా నిలవాలంటే ఇలాంటి మనుషులే ఉండాలి.

గుడి నుంచి నది వైపు దిగితే పురందర మండపం. అక్కడ తుంగభద్రలో పాత వంతెన రాతి కంబాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, అవతల ఆనెగొంది. మా కాలంలో ఇక్కడికి దగ్గరలోనే కొత్త వంతెన కట్టబోతే వారసత్వ కట్టడాలకి ముప్పని 1999లో యునెస్కో హంపీని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టింది, 2006లో తీసేసింది. ఆ వంతెన 2009లో కడుతుండగానే కూలిపోయింది, కూలీలు చనిపోయారు. గైడ్ రెండు పక్షాలూ చెప్పారు. శిథిలాలు కాపాడాలనేవాళ్ల మాట, ఆసుపత్రికి పుట్టిలో నది దాటాల్సొచ్చిన పల్లెవాళ్ల మాట. ఆయన సొంత కుటుంబం ఒకప్పుడు విరూపాక్ష రథవీధి మండపాల్లోనే కాపురం ఉండేదట. 2011లో అక్కడివాళ్లందర్నీ ఖాళీ చేయించారు. ఆ మాట ఆయన మేం అడిగితేనే చెప్పారు, జాలి కోసం చెప్పలేదు. ఈ రోజు ఖాళీగా, శుభ్రంగా కనిపించే ఆ మండపాల వరసని ఆ మాట విన్నాక నేను ఇంకోలా చూశాను.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు. హజార రామాలయంలో గోడలంతా రామాయణం చెక్కి ఉంది, దాన్ని ఆయన తొందరగా ముగించారు. అప్పటికి పొద్దు వాలింది నిజమే, కానీ మా టీచరు అందుకోసమే వచ్చింది. ఆ గుడికి కనీసం గంట పెట్టించుకోండి. రాజవంశాల వరస చెప్పడం మొదలుపెడితే సంగమ, సాళువ, తుళువ, అరవీటి అని ఆపకుండా చెప్తారు, నడుస్తూ వింటే తలకెక్కదు, కూర్చోబెట్టి చెప్పించుకోవాలి. నది అవతలి ఆనెగొంది, అంజనాద్రి కొండ ఈ రెండు రోజుల్లో కుదరవని ముందే చెప్పేశారు, అది మాత్రం లోపం కాదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

రూమ్ సంగతి. ఆన్‌లైన్‌లో "హంపీ నడిబొడ్డున" అని పెట్టిన ఒక చోట ముందు బుక్ చేశాం. తీరా చూస్తే అది నది అవతల, కారులో చుట్టూ తిరిగి రావాలి. రద్దు చేస్తే సగం డబ్బే తిరిగిచ్చారు. మ్యాపులో తుంగభద్రకి ఏ వైపో చూసుకున్నాకే డబ్బు కట్టండి. చివరికి హొసపేటలో మామూలు లాడ్జిలో దిగాం, వేడినీళ్లు, శుభ్రమైన దుప్పట్లు, చాలు. ఆడవాళ్లమే వెళ్తున్నాం కాబట్టి హొసపేట ఊళ్లోనే ఉందామనుకున్నాం. 2025 మార్చిలో నది అవతల సాణాపుర దగ్గర రాత్రిపూట పర్యాటకుల మీద జరిగిన ఘోరం తర్వాత మా ఇళ్లలో అందరికీ టెన్షనే. గైడ్ కూడా చీకటి పడ్డాక నిర్మానుష్యమైన చోట్లకి తీసుకెళ్లనని మొదటి ఫోన్‌లోనే చెప్పారు, పొద్దు గూకేలోపు కారెక్కించేవారు.

తిండి బాగుంది. పొద్దున కమలాపురంలో చిన్న టిఫిన్ కొట్టులో ఒగ్గరణె, మిరపకాయ బజ్జీ. కర్నూలులో మేం తినే ఉగ్గాణి బజ్జీయే, పుట్నాలపొడి మాత్రం ఇంకాస్త ఎక్కువ. మధ్యాహ్నం అరటాకులో జొన్నరొట్టె, ఎణ్ణెగాయి (గుత్తొంకాయ కూర). హంపీ ఊళ్లో మాంసం దొరకదు, కావాలంటే హొసపేట రావాలి.

తిరుగు ప్రయాణానికి ముందు తుంగభద్ర డ్యామ్ దాకా వెళ్లాం, అది నా కోరిక. 1953లో పూర్తయిన డ్యామ్, 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కర్నూలులో మా శాఖ అంతా మేలుకునే ఉంది. నీళ్లు ఉరకలేస్తుండగానే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ముందుండి స్టాప్‌లాగులు, అంటే గేటు పోయిన చోట ఒకదాని మీద ఒకటి దింపే ఉక్కు పలకలు (ఎలిమెంట్లు), దింపించారు. ఆ వివరం అంతా నేను చెప్తుంటే ఈసారి గైడ్ వినేవాడయ్యారు. మళ్లీ ఆ చిన్న పుస్తకం బయటికొచ్చింది, ఎలిమెంట్ అంటే ఏంటి, ఎలా దింపుతారు అని అడిగి రాసుకున్నారు. ఇక నుంచి డ్యామ్ చూడ్డానికొచ్చేవాళ్లకి ఇది చెప్తానన్నారు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి, తర్వాత బండలు కాలిపోతాయి. శుక్రవారం మ్యూజియం ఉండదు. అక్కడికెళ్లాక ఆలయం ముందు ఎవరో ఒకర్ని పట్టుకోవచ్చులే అనుకోకండి, కనీసం వారం ముందు మాట్లాడుకోండి, గుర్తింపు కార్డు చూపించమని అడగండి. సగం పూటకి కాకుండా రోజంతా తీసుకోండి. ఫోన్‌లో మీరేం పని చేస్తారో, మీ ఊరేదో చెప్పండి. ఆ ప్రశ్న తనంతట తానే అడిగిన గైడ్ దొరికితే రేటు దగ్గర బేరమాడకండి.